మిషన్‌కు పెట్టిన బొట్టు

నేను మారేడ్‌పల్లిల ఇస్త్రీ బండి పెట్టుకొని బతికినదాన్ని. ఇప్పటికి అదే పని. నాకు అక్షరాలు వచ్చింది జుట్టు నెరిసినంక. నేర్పింది ఒక సారు. ఆ సారు గురించి చెడ్డగ రాస్తనని కలల సుత అనుకోలె. రాస్తున్న. ఒక మాట మాత్రం ముందే చెప్తున్న, ఆయన దొంగ కాదు. దొంగ అయితే నాలుగు తిట్టి మర్చిపోదును.

మా ఇల్లు బన్సీలాల్‌పేట్‌ల. గల్లీ చివర హాలుల ఆ సారు సాయంత్రాలు పెద్దోళ్లకు చదువు చెప్పెటోడు. పగలు ఆయనకు ఏదో ఆఫీసుల కొలువు. నేను చదువు కోసం పోలె, ఫ్యాను కోసం పోయిన. ఎండకాలం. పొద్దంత బొగ్గుల పెట్టె ముంగట నిలవడ్డదాన్ని, ఆ ఫ్యాను కింద కూసుంటే పానం లేచొచ్చేది. "అక్కా, ఊకె కూసునే బదులు పలక పట్టరాదు" అన్నడు. అప్పటిదాక బయటోళ్లు ఎవ్వరు నన్ను అక్కా అనలె. బాల్కనీలకెల్లి "ఇస్త్రీ!" అని కేకేస్తరు, బుట్ట కిందికి వదుల్తరు, అంతే.

ఆయన చదివే తీరు ఒకటుండె. వాక్యం చివర గొంతు జెర పైకి లేపి ఆపుతడు, ఇంటికొచ్చినోళ్లు లేస్తుంటే ఇంకొంచెం సేపు కూసోమన్నట్టు. మేమందరం అట్లనే పలికెటోళ్లం. అట్ల పలికితేనే చదువు అనుకున్నం. నేను సొంతంగ చదివిన మొదటి ముక్క గోడ మీద మూలశంక డాక్టరు రాయించుకున్న రాత. మరునాడు క్లాసుల చెప్తే సారు కడుపు పట్టుకొని నవ్విండు. "అక్కా, నీకిగ ఏ భయం లేదు, రోగమొస్తే ఎటు పోవాల్నో తెల్సింది" అన్నడు. గిట్ల నవ్వుకుంట నవ్వుకుంట నేర్పిండు. అందుకే ఆయన ఏం చెప్పినా నేను ఎదురడగలె.

ఇగ అసలు ముచ్చట మా పక్కింటి పిల్లది. శ్రీకాకుళం దిక్కుకెల్లి వచ్చిన కుటుంబం, మా పక్క గదిల కిరాయికుంటరు. తండ్రి ఒక ఆఫీసుల అటెండరు, తల్లి బడిల ఆయా. ఆ పిల్లకు పుట్టుకతోనే కండ్లు కనవడవు. యూనివర్సిటీల ఎమ్మే చదువుతది, చరిత్ర. ఫోన్ల ఉన్న నోట్సులు ఫోనే చదివి వినిపిస్తది. కాని లైబ్రరీకెల్లి తెచ్చే పాత తెలుగు పుస్తకాలు ఫోనుకు లొంగవు. కాగితం రంగు మారి, అచ్చు మాసిపోయి ఉంటది. ఫొటో తీస్తే వంకర. ఫోను సగం చదువుతది, సగం మింగుతది.

ఒకనాడు ఆ తల్లి పుస్తకం పట్టుకొని నా గడపల నిలవడ్డది. "మీకు సదువొచ్చంట కదండీ. నాకు సదివిపెట్టడానికి ఖాళీ దొరకట్లేదు. కాసింత సూస్తారేటి?" అన్నది. చూస్త అన్న. మధ్యాహ్నం బండి మీద పని తగ్గినంక ఇంటికొచ్చి చదివేదాన్ని. ఆ పిల్ల ఫోను ముంగట పెట్టి నా గొంతు ఎక్కించుకునేది. కూడబలుక్కొని చదివే చదువే నాది. అయినా ఓపికగ వినేది.

"మామ్మా, ఒక లైను వదిలేసినట్టున్నావు" అనేది.

"కండ్లు లేవు, లైను పోయిందని నీకెట్ల తెల్సిందే?"

"పై పంక్తిలో రాజుగారు సచ్చిపోయేడు, కింద పంక్తిలో గుర్రం ఎక్కి యుద్ధానికి బయల్దేరేడు. అందుకూ."

ఇద్దరం నవ్వేటోళ్లం. నా చదువు ఒకరికి అక్కరకొస్తదని అప్పటిదాక నాకు తెల్వదు.

ఒకనాడు సారు మా ఇంటికొచ్చిండు. గుమ్మంల నిలవడి రెండు మాటలు మాట్లాడిండో లేదో, పిల్ల పక్కున నవ్వింది. "మామ్మా, నువ్వు సదివే రాగం ఈ సారుదా! నీ సొంతం అనుకున్నాను ఇన్నాళ్లూ" అన్నది. సారు మురిసిండు. "అక్క నా శిష్యురాలు కదమ్మా, రాగం ఎటు పోతది?" అన్నడు. నేను సుత మురిసిన.

ఆనాడే మిషన్ మాట షురూ అయింది. సారు ఒక సంఘం పెట్టిండు. పెద్ద చదువులు చదివే పేద పిల్లలకు కంప్యూటర్లు, మిషన్లు ఇప్పించే సంఘం. "కండ్లు లేనోళ్ల కోసం ఒక మిషన్ ఉన్నదక్కా. పుస్తకం కింద పెడితే పైనున్న కెమెరా చూసి చదువుతది. ఎంత పాత తెలుగు పుస్తకమైన చదువుతది. మన పిల్లకు ఇప్పిద్దాం. కాని ఒట్టిగ రాదు. నలుగురిని అడగాలె. నువ్వడిగితే ఇస్తరు" అన్నడు.

అడిగిన. నా బతుకుల ఎవ్వరినీ చెయ్యిచాపి అడగలె. బట్టల మూట నెత్తిన పెట్టుకొని ఇల్లిల్లు తిరిగినప్పుడు, మడతలు ఒప్పజెప్పి, ఇంక నాలుగు మాటలు చెప్పేదాన్ని. ఇట్ల ఒక పిల్ల ఉన్నది, ఇట్ల ఒక మిషన్ ఉన్నది, మీకు తోచింది ఆ సంఘానికి ఇయ్యుండ్రి అని. పెండ్లిల కట్టే పట్టుచీరలు నా చేతికిచ్చి లోపలికి పోయేటోళ్లు వాళ్లు. అంగీ జేబుల ఏం మర్చిపోయినా తిరిగి ముట్టజెప్పినదాన్ని నేను. ఒక పెద్దాయన ఉంటడు, భార్య పోయి ఒక్కడే ఉంటడు, పంచెలకు గంజి తక్కువైతే మూట తిప్పి పంపిస్తడు. ఆయన సుత ఇచ్చిండు. "సంఘం ఎవరిదో నాకు తెల్వదు. నీ మొఖం చూసి ఇస్తున్న" అన్నడు.

మిషన్ వచ్చింది. ఫంక్షన్ చేసిండ్రు. పిల్ల చేతుల డబ్బా పెట్టి, శాలువ కప్పి ఫొటోలు దిగిండ్రు. నన్ను స్టేజి మీద మాట్లాడమన్నరు. ఏం మాట్లాడిన్నో నాకు యాది లేదు, చప్పట్లు మాత్రం మస్తు కొట్టిండ్రు.

ఇంటికి తెచ్చి చూస్తే, కింద నల్లటి పీట, పీట మీదకు కొంగ మెడ లెక్క వంగిన కడ్డీ, కడ్డీ కొసకు కెమెరా. పుస్తకం పెట్టి మీట నొక్కితే ఆడమనిషి గొంతు చదువుడు మొదలుపెడ్తది. పిల్ల చెంపకు చెయ్యి పెట్టుకొని విన్నది. "దీనికి రాజు సచ్చినా గుర్రం ఎక్కినా ఒకటే గొంతు మామ్మా. కానీ లైను వదలట్లేదు" అన్నది. నా మధ్యాహ్నాలు ఖాళీ అయినయి. జెర బాధే అనిపించింది. అయినా గోడకవతల ఆ మిషన్ చదువుతుంటే ఈ దిక్కు నేను కాళ్లు చాపుకొని వినేదాన్ని.

దసరాకు మా తాన పనిముట్లన్నిటికి పూజ చేస్తరు. నా ఇస్త్రీ పెట్టె కడిగి, బొట్టు పెట్టి, బంతిపూలు చుట్టిన. పిల్లను పిలిచి "నీ మిషన్ సుత తేవే. అది నీ పనిముట్టు కాదా?" అన్న. తెచ్చి నా పెట్టె పక్కన పెట్టింది. పసుపు తడిపి పెట్టబోతుంటే మొత్తుకున్నది.

"కెమెరా మీద పెట్టకు మామ్మా! దానికున్న ఒక్క కన్నూ పోతే నేనూ అదీ ఒకటైపోతాం!"

"నోర్ముయ్యే, పండుగపూట" అని, కడ్డీ పీటకు కలిసేకాడ పెట్టిన. అక్కడ ఒక సందు ఉన్నది. పసుపు ఆ సందులకు దిగింది, బట్ట పెట్టి తుడిచినా రాలె. దాని మీదనే కుంకుమ అద్దిన. సాయంత్రం సారు వచ్చి నా చేతుల జమ్మి ఆకు పెట్టిండు, "బంగారం అక్కా" అని మొక్కిండు. నేను ఆయన తల మీద చెయ్యి పెట్టిన. మిషన్ దిక్కు ఆయన చూడనే లేదు.

పండుగ పోయిన కొన్నాళ్లకు సంఘంల పనిచేసే ఒకడు స్కూటర్ మీద వచ్చిండు. "సారు పంపిండు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎయ్యాలె, రెండు రోజులల్ల తెచ్చిస్త" అన్నడు. పిల్ల కడ్డీ మీదికెల్లి చెయ్యి తీయలె. "ఇక్కడే వెయ్యలేరా అండీ?" అని అడిగింది. నేనే అన్న, "ఇయ్యి బిడ్డా, సారు పంపినోడే కదా" అని. నా మాట మీద ఇచ్చింది.

రెండు రోజులు అన్నది వారాలైంది. సారుకు ఫోన్ చేస్తే "కంపెనీల ఉన్నదక్కా, వస్తది" అనెటోడు. కొన్నాళ్లకు ఎత్తుడే బంద్ చేసిండు. పిల్లకు పరీక్షలు దగ్గరికొస్తున్నయి. మిషన్ ఉన్నదని ధైర్యంతోని లైబ్రరీకెల్లి లావు పుస్తకాలు తెచ్చుకున్నది. అవి మంచం కింద అట్లనే ఉన్నయి. నేను చదువుత అంటే "ఇప్పుడు టైము సరిపోదు మామ్మా, నువ్వు ఒక పేజీ సదివేసరికి అది పది పేజీలు సదువుద్ది" అన్నది. నిజమే. ఈసారి తప్పితే మళ్లా ఫీజు కట్టే తాహతు వాళ్లకు లేదు, చదువు మానిపించి ఏదన్న ఫోన్లెత్తే నౌకరికి పంపుతమని తల్లి అప్పటికే అంటున్నది.

అప్పుడు సారే ఫోన్ చేసిండు. "అక్కా, ఆదివారం రెజిమెంటల్ బజార్ల ఫంక్షన్ హాలుల ప్రోగ్రాం. నువ్వొచ్చి మాట్లాడాలె" అన్నడు. నేను మిషన్ గురించి అడగబోతుంటే "అన్నీ అక్కడ మాట్లాడుకుందాం" అన్నడు. మిషన్ స్టేజి మీద మళ్ల ఇస్తడేమో, ఫొటో కోసం ఇదంత అనుకున్న. పిల్లతోని ఖాయంగ చెప్పిన, "ఆదివారం మిషన్ పట్టుకొనే వస్త, పుస్తకాలు తీసిపెట్టుకో" అని.

హాలుల స్టేజి మీద బల్లకు గులాబీ రంగు మెరుపు బట్ట పరిచి, దాని మీద మిషన్ పెట్టిండ్రు. నేను ముందుగాలనే పోయిన్నేమో, దగ్గరికి పోయి చూసిన. కడ్డీ కింద సందుల పసుపు అట్లనే ఉన్నది. నా పానం లేచొచ్చింది. మనదే, ఇచ్చేస్తున్నడు అని నవ్వుకుంట పోయి కుర్చీల కూసున్న.

మైకుల పేరు పిలిచిండ్రు. అది మా పిల్ల పేరు కాదు. మొదటి వరుసలకెల్లి ఒక పిలగాడు లేచిండు, సన్నగ, పొడుగ్గ, మూతి మీద అప్పుడప్పుడే మీసం. డిగ్రీ చదువుతడంట. చేతుల కర్ర. పక్కన తల్లి, కొత్త చీర కట్టుకున్నది, మడత గీత సుత పోలె. సారు వాని చెయ్యి పట్టుకొని మిషన్ మీద పెట్టిండు. ఆ పిలగాడు కడ్డీని కింది నుంచి పైదాక తడిమిండు, మా పిల్ల మొదటి రోజు తడిమినట్టే. వాని మొఖంల సుత ఆ వెలుగే.

"ఇప్పుడు మా అక్క మాట్లాడుతది. జుట్టు నెరిసినంక అక్షరం పట్టిన అక్క" అని సారు నా చేతికి మైకిచ్చిండు.

నేను నోరు జారే మనిషిని, గల్లీల అందరికి ఎరికే. ఆనాడు నా నాలుక మీద ఎన్ని మాటలున్నయో నాకే తెల్సు. కాని అనంగనే ఏమైతది? ఆ మిషన్ ఆ పిలగాని చేతులకెల్లి గుంజుకుంటరు. మా పిల్లకు ఇస్తరా అంటే, అది సుత నమ్మకం లేదు. ఇంకో స్టేజి ఎక్కుతది. నేను మైకుల ఆ తల్లినే అడిగిన.

"అమ్మా, మీ ఇల్లెక్కడ? ఎట్ల పోతరు?"

ఆమె బిత్తరపోయి "లోకల్ రైలెక్కి పోతమమ్మా" అన్నది. జనం నవ్విండ్రు.

"రైలొద్దు. డబ్బాతోని తక్లీఫ్ అయితది. నేనొచ్చి ఆటో ఎక్కిస్త" అన్న. మైకు సారు చేతిల పెట్టి దిగిన. చప్పట్లు కొట్టిండ్రు, ముసల్ది ఎంత మంచిదో అనుకొని.

ఫొటోలు అయినంక స్కూటరోడే వచ్చిండు. "అమ్మా, డబ్బా ఇట్లియ్యుండ్రి. సెట్టింగ్ చేసి మేమే ఇంటికి పంపిస్తం" అన్నడు. ఆ తల్లి ఇయ్యనే పోయింది పాపం. నేను మధ్యల పోయి డబ్బా సంకకెత్తుకున్న. మూటలు మోసిన రెక్కలే కదా. "నడువుండ్రి" అని ఇద్దర్ని రోడ్డు మీదకు తెచ్చి ఆటో ఆపిన. పిలగాన్ని ఎక్కించి, ఒళ్లె డబ్బా పెట్టేసరికి సారు ఉరికొచ్చిండు.

"అక్కా, ఏం చేస్తున్నవ్? అది ఇంక టెస్టింగ్ కాలె."

"సారూ, దానికి దసరనాడు బొట్టు పెట్టింది నేనే."

ఆయన చూపు మూత లేని డబ్బాలకెల్లి కనవడే కడ్డీ సందు మీదకు పోయింది. గొంతు తగ్గించి చెప్పిండు. "ఉన్నది ఒక్కటే అక్కా. వచ్చిన పైసలు హాలుకు, శాలువలకు, బ్యానర్లకే పోయినయి. చేతుల ఒకటి పెట్టి చూపిస్తెనే ఇంక నలుగురు ముందుకొస్తరు. అప్పుడు అందరికి కొంటం. నేనేమన్న నా ఇంట్ల పెట్టుకున్ననా?"

"పిల్లకు పరీక్షలు సారూ."

"ఆ పిల్లకు నువ్వున్నవ్ కదా, చదివిపెట్టెటందుకు. అందుకే ఆమె తానకెల్లి తెప్పించిన. వేరేటోళ్లకు ఎవరున్నరు?"

లెక్కలేసుకునే చేసిండు. ఆ లెక్కల నేను సుత ఒక మిషన్నే.

నేను ఏదో అనబోతుంటే ఆఖరి మాట ఆయనే అన్నడు. "అక్కా, నీకు ఊకెనే చదువు చెప్పిన. ఇన్నేండ్లల్ల నిన్ను ఏమన్న అడిగిన్నా? ఈ ఒక్క దాంట్ల నాకు అడ్డమొస్తవా?"

ఆ హాలుల ఫ్యాను కింద పలక పట్టిచ్చినప్పుడే ఈ మాట నా ఖాతాల రాసి పెట్టుకున్నడా అనిపించింది. ఆటోలకెల్లి ఆ పిలగాడు అన్నడు, "అమ్మమ్మా, ఇది నాది కాదా?" అని. కండ్లు లేనోళ్ల ముంగట గొంతు తగ్గిస్తే ఏం లాభం, అంత విన్నడు.

"నీదే బిడ్డా. సెట్టింగ్ అన్నా, సాఫ్ట్‌వేర్ అన్నా, ఎవ్వరడిగినా గడప దాటనియ్యకు" అన్న. ఆటోవాణ్ని పోనియ్యమన్న. సారు దిక్కు చూడకుండ నడిచొచ్చిన.

ఇంటికాడ పిల్ల గుమ్మంల కూసున్నది. పుస్తకాలు తుడిచి ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నది. నా నడక విని "ఉత్త చేతుల్తో వస్తన్నావేటి?" అన్నది. జరిగిందంత చెప్పిన. మెత్తగ చెప్పుడు నాకు రాదు. ఉన్నదున్నట్టు చెప్పిన.

"నా మిషన్ నువ్వే ఆటో ఎక్కించేసినావా?"

"ఆ."

"నన్నొక మాట అడగకండా?"

"అడిగెటందుకు టైము లేకుండె బిడ్డా. నేనట్ల చెయ్యకుంటే అది నీకు రాకపోవు, వానికి దక్కకపోవు."

"ఇచ్చేయమన్నదీ నువ్వే, ఎక్కించేసిందీ నువ్వే" అన్నది. లోపలికెల్లి తల్లి "పోన్లే, పుణ్యం ఆవిడకి, ఫెయిలు మనకి" అన్నది. తలుపు దగ్గరికేసుకున్నరు. నేను ఆ తలుపు ముంగట కొంచెం సేపు నిలవడి మా ఇంట్లకు పోయిన.

మరునాటి నుంచి మూటలిచ్చే ఇండ్లల్ల జరిగింది చెప్పుడు మొదలుపెట్టిన. మీతోని ఇప్పించింది నేనే, మీరిచ్చింది ఆ పిల్లకు నిలవలె అని. ఒకామె "అయ్యో, ఎవరికో ఒకరికి చేరింది కదా. కాలర్ జెర గట్టిగ రుద్దమ్మా" అన్నది. ఇంకొకామె "ఫొటోలు గ్రూపుల వచ్చినయి, బాగున్నయి" అన్నది. ఎవ్వరికీ కోపం రాలె. ఇచ్చిన్నాడే చేతులు కడుక్కున్నరు వాళ్లు. ఒక్క పంచెల పెద్దాయన మాత్రం తలుపు పట్టుకొని నన్ను చూసుకుంట నిలవడ్డడు. "నీ మొఖం చూసి ఇచ్చిన. ఇంక ఎవరి మొఖం చూడను" అని మూట తీసుకొని తలుపేసిండు. అందర్లకు ఆయన మాటే నాకు నయమనిపించింది.

పిల్ల నాతోని మాట్లాడలె. గోడకవతల ఫోను మింగుకుంట మింగుకుంట చదివే చప్పుడు వినవడేది. ఒక మధ్యాహ్నం గుమ్మంల కర్ర తాకింది. చేతుల లావు పుస్తకం. "సదువు మామ్మా. ఎంతయితే అంత" అన్నది.

అద్దాలు పెట్టుకొని మొదలుపెట్టిన. వాక్యం చివరికొచ్చేసరికి గొంతు దానంతట అదే పైకి లేచింది. నా చెవులకు ఆయన వినవడ్డడు. ఆపేసిన. మళ్ల మొదలుపెట్టి, ఈసారి చివర్ల గొంతు కిందికి పడేసి చదివిన, ఆ మిషన్ చదివినట్టు. ఒక పేజీ అట్లనే లాక్కొచ్చిన. పిల్ల ఫోను బంద్ చేసింది.

"ఇలగ సదివితే నాకు ఎక్కడ ఆగిందో తెలీట్లేదు. మునుపటిలాగే సదువు."

"అది ఆయన రాగం."

"ఎవరిదైతే నాకేటి మామ్మా? ఎదర పరీక్ష ఉంది" అన్నది. మెల్లగనే అన్నది, కాని నవ్వలె.

ఆ పేజీ మళ్ల మొదటికెల్లి చదివిన. ఆయన నేర్పినట్టే చదివిన, వేరే తీరు నాకు రాదు. పుస్తకం అంత అట్లనే చదువుతున్న, ఇంక మూడు పుస్తకాలు మంచం కింద ఉన్నయి. ఆ పిల్ల పొద్దున టిఫిన్ చేసుకుంట, బట్టలు మడుసుకుంట ఫోన్ల వింటది. గోడకవతలికెల్లి నా గొంతే వస్తది, ప్రతి వాక్యం చివర ఆయన లేస్తడు. నేను టీవీ చప్పుడు పెంచుకొని బొగ్గులు రాజేసుకుంట.